పావురం పెట్టె, ఠాణా కుశనూర్

మా ఊరిని ఒట్టి కుశనూర్ అంటే ఔరాద్ వైపు వాళ్లకు కూడా చప్పున తట్టదు. ఠాణా కుశనూర్ అనాలి. బీదర్ జిల్లాలో ఒక మూలన, ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క తెలంగాణ తగిలే చోట ఉన్న ఊరు. కోట పేరో, గుడి పేరో, చెరువు పేరో తగిలించుకున్న ఊళ్లు చాలా ఉన్నాయి. మా ఊరు మాత్రం పోలీసు ఠాణాను ముందు పెట్టుకుంది. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉండగా 1865లో జిలాబందీ జరిగి నిజాం రాజ్యంలో జిల్లాలు, తహసీళ్లు, ఠాణాలు ఒక క్రమంలోకి వచ్చాయి. అంతకు ముందు సర్కారు అంటే శిస్తు వసూలుకు వచ్చే మనిషి. ఆ తరువాత సర్కారు అంటే ఊళ్లో కట్టిన ఒక గది, గది ముందు నిలబడ్డ ఒక జవాను. మా పెద్దలు పిల్లల్ని బెదిరించడానికి బూచి పేరు చెప్పేవారు కాదు, ఠాణా పేరు చెప్పేవారు.

పాలన అనేది మనిషిని ఎలా పట్టుకుంటుంది, మనిషి దాని నుంచి ఎలా విడిపించుకుంటాడు అన్న ప్రశ్న నాకు చిన్ననాటి నుంచీ ఉన్నదే. దానికి ఒక శాస్త్రం ఉందని తెలిసింది మాత్రం బి.ఎడ్. చదివేటప్పుడు. మన ప్రాంతాల్లోకి అమెరికా ప్రవర్తనావాదం రాజనీతి పుస్తకాల ద్వారా రాలేదు. ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాల ద్వారా వచ్చింది. థార్న్‌డైక్ పిల్లి, పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ పావురం ఈ మూడింటినీ బట్టీ పట్టని పంతులు మన దేశంలో ఉండడు. పరీక్ష రాసి, పావురాన్ని అక్కడే వదిలేసి బడికి పోతాం. చాలా ఏళ్ల తరువాత స్కిన్నర్ రాసిన అసలు పుస్తకాలు దొరికి చదివితే, ఆయన చెప్పదలచుకున్నది పావురం గురించి కాదనీ, ప్రభుత్వం గురించీ స్వేచ్ఛ గురించీ అనీ తెలిసింది. ఆ మాటల్ని మా జిల్లా చరిత్ర పక్కన పెట్టి చూడాలని అప్పటినుంచి ఉంది.

బి.ఎఫ్. స్కిన్నర్ 1904లో పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. మొదట నవలాకారుడు కావాలనుకున్నాడు, కుదరలేదు. హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చదివి 1931లో డాక్టరేటు తీసుకున్నాడు. ఆయన చేసిన పని పైకి చూస్తే చాలా చిన్నది. ఒక పెట్టె, అందులో ఒక మీట. ఎలుక మీట నొక్కితే ఒక గింజ పడుతుంది. గింజ పడితే ఎలుక మళ్లీ నొక్కుతుంది. ఇలా ఒక పని ఫలితం ఆ పనినే మళ్లీ చేయించేటట్టు ఉంటే దాన్ని మన తెలుగు పాఠ్యపుస్తకాలు పునర్బలనం అంటాయి. గింజ రావడం ఆగిపోతే కొంతసేపు గట్టిగా నొక్కి, విసిగి, చివరకు నొక్కడం మానేస్తుంది. అది విలుప్తం. ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకప్పుడు, లెక్క తెలియకుండా గింజ వేస్తే మాత్రం వేలసార్లు విసుగు లేకుండా నొక్కుతూనే ఉంటుంది. ఈ చివరిది చదివినప్పుడు నాకు తహసీల్ కచేరీ గుర్తొచ్చింది. ఇరవై అర్జీలు పెట్టుకున్నవాడికి ఒక్కదానికి జవాబు వస్తుంది. వాడు ఇరవై ఒకటోది రాయించుకోవడానికి అర్జీనవీసు దగ్గరకు పోతాడు. అన్నిటికీ జవాబు వచ్చినా, ఒక్కదానికీ రాకపోయినా వాడు ఎప్పుడో ఊరికి పోయి ఉండేవాడు.

1948లో స్కిన్నర్ రెండు విషయాలు ప్రచురించాడు. ఒకటి పావురాల మూఢనమ్మకం మీద చిన్న వ్యాసం. పావురం ఏం చేసినా చేయకపోయినా గడియారం ప్రకారం గింజ వేస్తూ పోతే, గింజ పడ్డ క్షణంలో అది ఏం చేస్తూ ఉందో ఆ పనినే పట్టుకుంటుంది. ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, ఒకటి తల విదిలిస్తుంది. తన తిరుగుడు వల్లే గింజ పడిందని దానికి నమ్మకం అన్నట్టు ఉంటుంది. దర్బారుల్లో సలాము కొట్టే పద్ధతుల మీద ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు. రెండోది ‘వాల్డెన్ టూ’ అన్న నవల. వెయ్యి మంది ఉండే ఒక పల్లె. అందులో ఎన్నికలు లేవు, జైలు లేదు, ఠాణా లేదు. ఆరుగురు ప్రణాళికాకర్తలు ఉంటారు, ఒక్కొక్కరు పదేళ్లకు మించి ఉండరు. రోజుకు నాలుగు గంటల పని. పిల్లల్ని చిన్నప్పటి నుంచీ అలవాట్లలో పెట్టి పెంచుతారు గనుక ఎవరూ తప్పు చేయాలనుకోరు. ఠాణా లేని ఊరు అన్నప్పుడు, ఠాణా పేరు మోసే ఊరివాడిగా నాకు ఆశ కలిగిన మాట నిజం. తరువాత చూస్తే ఠాణా లేకపోవడం కాదు, అది మనుషుల లోపలికి మారిపోయిందని అర్థమైంది.

ఆయన రాజకీయ వాదమంతా 1971లో వచ్చిన ‘బియాండ్ ఫ్రీడమ్ అండ్ డిగ్నిటీ’లో ఉంది. పుస్తకం ఎంత గొడవ లేపిందంటే టైమ్ పత్రిక ఆయన బొమ్మను అట్ట మీద వేసింది. క్లుప్తంగా ఆ వాదం ఇది. మనిషి ఎప్పుడూ ఏదో ఒక నియంత్రణలోనే ఉంటాడు. స్వేచ్ఛ అని మనం పిలిచేది, నొప్పి కలిగించే నియంత్రణ నుంచి తప్పించుకోవడం మాత్రమే. కొరడా పట్టుకున్నవాడి మీద తిరగబడమని చెప్పే సాహిత్యం ప్రపంచంలో చాలా పుట్టింది, అది చేసిన మేలు కూడా గొప్పది. కాని నొప్పి కలిగించని నియంత్రణను ఆ సాహిత్యం గుర్తు పట్టలేదు. జీతం, బహుమతి, పొగడ్త, బిరుదు వీటితో పట్టుకుంటే మనిషి తిరగబడడు, పైగా తన ఇష్టం మీదే చేస్తున్నాననుకుంటాడు. ప్రభుత్వాలు అనాదిగా శిక్షించే అధికారం మీదే ఆధారపడ్డాయి. శిక్ష తప్పును ఆపదు, తప్పించుకోవడం నేర్పుతుంది. అందువల్ల శిక్షను వదిలి, మంచి ఫలితాలు వచ్చేటట్టు మనుషుల చుట్టూ ఉన్న పరిస్థితులను అమర్చాలి.

సామ దాన భేద దండాలు తెలిసిన మనకు ఇందులో సగం పాతదే. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు రాజనీతి చెప్పించినప్పుడు కూడా రాజు కళ్లలోంచే ఈ లెక్క చూశాడు. స్కిన్నర్ దండం కన్నా దానం గట్టిదని చెప్పాడు, దాన్ని గింజలు లెక్కపెట్టి చూపించాడు. అంతేనా అంటే అంతే కాదు. పూర్వపు నీతికారులు ఉపాయాలను రాజుకు చెప్పారు, రాజు మనసులో ఏముందో వాళ్లకు తెలుసు. ఈయన రాజుకూ మనసు లేదన్నాడు. పావురం ఎంత నియంత్రణలో ఉందో, పావురాన్ని చూసే శాస్త్రవేత్త కూడా అంతే నియంత్రణలో ఉన్నాడన్నాడు.

ఈ కొలబద్దతో నిజాం పాలన చూడవచ్చు. దండం ఎక్కడుందో అందరికీ తెలుసు. ఠాణా, వెట్టి, దౌరాకు వచ్చిన అధికారికి కోళ్లు, నెయ్యి, బండ్లు. కాని ఇన్ని వందల ఊళ్లను ఇంత తక్కువ పోలీసుతో పట్టి ఉంచింది దండం కాదు. వతన్, ఇనాం, సనదు. పటేల్ గిరీ, పట్వారీ గిరీ తండ్రి నుంచి కొడుక్కు వచ్చే హక్కులు. సేత్‌సింధీలకు భూమి. గుడికీ మసీదుకూ మాన్యం. పైన జాగీర్దార్లు, ఆ పైన పాయగా అమీర్లు. మా బీదర్ జిల్లాలో చాలా ఊళ్లు నేరుగా దివానీ కింద కాకుండా పాయగాల కింద, జాగీర్ల కింద ఉండేవి. ఊళ్లో నలుగురికి గింజలు అందేటట్టు అమర్చి ఉంచితే మిగతా నాలుగు వందల మందిని ఆ నలుగురే చూసుకుంటారు. ఇనాం తిన్నవాడు తాను ఎవరి చేతిలోనో ఉన్నాననుకోలేదు, గౌరవం ఉందనుకున్నాడు. స్కిన్నర్ చెప్పిన నొప్పి లేని నియంత్రణ అంటే ఇదే. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చినప్పుడు, కొరడా దెబ్బ తిన్నవాళ్ల కన్నా చిన్న చిన్న మాన్యాలున్న వాళ్లు ఎక్కువ కంగారు పడ్డారని మా తాత తరం వాళ్లు చెప్పుకునేవారు.

భాష సంగతికి వస్తే ఈ అమరిక ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1880ల్లో పార్శీ స్థానంలో ఉర్దూ కచేరీ భాష అయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఒక భారతీయ భాషలో పై చదువులన్నీ చెప్పవచ్చని నిరూపించిన గొప్ప ప్రయత్నం అది, ఆ మాట ఒప్పుకోవాలి. కాని రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. తెలుగు మాట్లాడితే జైల్లో వేయలేదు. ఉర్దూ వస్తే నౌకరి, రాకపోతే లేదు. గింజ ఏ మీట వెనకాల ఉందో చూపించారు, అంతే. దానితో పట్వారీ కొడుకులు, వకీళ్ల కొడుకులు ఆ మీట దగ్గరకే పోయారు.

1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవారిని సభ విన్నది. అల్లంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మాట్లాడటానికి లేచేసరికి గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఎలుక మీట నొక్కితే గింజకు బదులు షాకు తగిలిందన్నమాట. ప్రవర్తనావాదం ప్రకారం తరువాత ఏం జరగాలి? తెలుగువాళ్లు సభల్లో తెలుగు మాట్లాడటం తగ్గించుకోవాలి. కొంతవరకు అప్పటికే అది జరిగి ఉంది గనుకనే సభ అంత ధైర్యంగా నవ్వగలిగింది. కాని ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో పదకొండు మంది కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు అందులో ఒకరు. ఆ సంఘమే పెరిగి 1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన, మొదటి ఆంధ్ర మహాసభ అయింది. జోగిపేట అప్పట్లో మా జిల్లాకు పక్కనున్న మెదక్ జిల్లాలో ఉండేది.

స్కిన్నర్ దగ్గర దీనికి ఒక పేరుంది, ప్రతి నియంత్రణ. నొప్పి పెట్టినవాడి మీద నొప్పి తిన్నవాడు తిరగబడటం ఆయనకు వింత కాదు. అయితే నాకొక సందేహం తీరలేదు. ఆ సభలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అవమానం అందరికీ ఒకటే. పదకొండు మంది ఒక ఇంటికి వెళ్లారు, మిగతా వాళ్లు ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లారు. వాళ్ల వెనకటి చరిత్రల్లో తేడా అంటాడు స్కిన్నర్. ఆ పదకొండు మందిలో చాలామంది చదువరులు, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం చుట్టూ పెరిగిన తరం వాళ్లు. అది పునర్బలనమే కదా అనవచ్చు. అనవచ్చు గాని, అప్పుడు ఆ మాటకు ఏది జరిగినా సరిపోతుంది, ఏది జరగకపోయినా సరిపోతుంది. జరగబోయేదాన్ని ముందుగా చెప్పలేని శాస్త్రం, జరిగిపోయినదానికి పేరు పెట్టి ఊరుకుంటుంది. మన జ్యోతిష్కులూ ఈ పనే చేస్తారు, దక్షిణ కూడా తక్కువ.

సర్కారు మాత్రం ఆ పదకొండు మందిని తొందరగానే గుర్తించింది. 1920ల్లో వచ్చిన గస్తీ నిషాన్ 53 గురించి పాత తరం వారు ఒక జ్వరం పేరు చెప్పినట్టు చెబుతారు. బహిరంగ సభ పెట్టాలంటే ముందుగా సర్కారు ఇజాజత్ తీసుకోవాలి. ఇది శిక్ష కాదు, బహుమతి కాదు. మీట మీద మూత. ఇజాజత్ ఇవ్వబోమని ఆ కాగితం చెప్పదు. అడగమంటుంది. అడిగినవాడి పేరు రాసుకుంటుంది. ఏం మాట్లాడతారు, ఎవరు మాట్లాడతారు, అధ్యక్షుడు ఎవరు అంటుంది. జవాబు సభ రోజు దాటిన తరువాత రావచ్చు. ఇలాంటి కాగితం గొప్పతనం ఏమిటంటే, నిషేధించిన సభల కన్నా ఎవరూ తలపెట్టని సభలు ఎక్కువవుతాయి. ఆ లెక్క ఏ దఫ్తరులోనూ ఉండదు. గ్రంథాలయాలు, భజన మండళ్లు, పెళ్లిళ్లు సభలుగా మారింది అందువల్లే. గోలకొండ పత్రిక 1926 నుంచి నడిచింది కూడా ఆ సందుల్లోంచే.

ప్రతి నియంత్రణ అనే మాటలో ఒక లోపం ఉంది. తిరగబడేవాడు దెబ్బ కొట్టినవాడినే వెతుక్కుంటాడని అది అనుకుంటుంది. 1948 మా జిల్లాకు వేరే సంగతి నేర్పింది. ఆ ఏడు బసవకల్యాణ్ వైపు గోర్టాలో రజాకార్లు ఊరి మీద పడి జనాన్ని చంపారు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ వెంటనే, రజాకార్ల పేరు కూడా వినని ముస్లిం రైతులు, నేతగాళ్లు, దర్జీలు చచ్చిపోయారు. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ఆ ఏడు చివర తిరిగి చూసి రాసిన నివేదికలో ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల పేర్లు ఉన్నాయి. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. రాజ్యం మొత్తం మీద చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని వారి అంచనా. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రచురించలేదు. మా వైపు ఇళ్లలో గోర్టా గురించి చెబుతారు, తరువాతి సంగతి అడిగితే మాట మారుస్తారు. వింటే కష్టంగా ఉండేది చెప్పకపోవడమూ ఒక అలవాటే, దాన్ని కూడా ఎవరో నేర్పారు. ఇంతకూ నిజాం ప్రభువు 1950 నుంచి రాజప్రముఖ్ అయి 1956 దాకా ఉన్నాడు. గింజలు ఆగిపోనిది ఆయన ఒక్కడికే.

ఇక 1956. ఆ ఏడు సెప్టెంబరు 4న చికాగోలో మనస్తత్వశాస్త్రజ్ఞుల సభలో స్కిన్నర్‌కూ, కార్ల్ రోజర్స్‌కూ వాదం జరిగింది. మనుషుల ప్రవర్తనను శాస్త్రం నియంత్రించవచ్చునా అన్నది విషయం. అది నవంబరు 30న సైన్స్ పత్రికలో అచ్చయింది. ఈ రెండు తేదీల మధ్య, నవంబరు 1న, మా జిల్లాను మూడు ముక్కలు చేశారు. రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు. కాని రోజర్స్ అక్కడ అడిగిన ప్రశ్నలు మా జిల్లా పటం కింద రాసి పెట్టదగినవి. ఎవరు నియంత్రిస్తారు, ఎవరిని, ఏ గమ్యం కోసం, ఆ గమ్యాన్ని ఎంచింది ఎవరు?

1951 నాటి బీదర్ జిల్లాలో ఏ భాషా సగం మందిది కాదు. మరాఠీ ఎక్కువ, తరువాత కన్నడం, ఆ పైన ఉర్దూ, తెలుగు. ఫజల్ అలీ కమిషన్ 1955లో ఇచ్చిన నివేదికలో బీదర్ జిల్లాను తెలుగు జిల్లాలతో పాటు హైదరాబాదు రాష్ట్రంలో ఉంచమని రాసింది. ఈ సంగతి మన కుర్రవాళ్లకు చెబితే నమ్మరు. చట్టం వచ్చేనాటికి లెక్క మారింది. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయికి. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిల్ తప్ప జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు. మిగిలింది మైసూరుకు. మా కుశనూర్ మిగిలిన దానిలో ఉంది. గీత గీసినవారు చెడ్డవాళ్లు కారు. గిర్దావరు సర్కిల్ దాకా దిగి భాష లెక్క చూశారు. నాలుగు భాషలు కలిసిన చోట ఎక్కడ గీసినా ఎవరో ఒకరు తప్పు పక్కన పడతారు. ఊరి పేర్ల జాబితాలో ఉన్న మనుషుల్ని అడగవలసిన అవసరం మాత్రం ఎవరికీ తోచలేదు. స్కిన్నర్ ప్రణాళికాకర్తలు కూడా అడగరు. ఫలితం బాగుంటే చాలు, సమ్మతి అనేది పాత మాట అంటారు. పటం గీయడానికి ఆ పద్ధతి పనికొచ్చింది. దాని కింద బతకడానికి మాత్రం, మేనకోడలి పెళ్లికి నారాయణఖేడ్ వెళ్లి వేరే రాష్ట్రం నుంచి వచ్చానని చెప్పుకోవడం అలవాటు చేసుకోవలసి వచ్చింది.

దానమా దండమా అన్న పరీక్షను తరువాత దేశం మొత్తం మీద చేశారు. 1971లో, స్కిన్నర్ పుస్తకం వచ్చిన ఏడే, కేరళలోని ఎర్నాకుళంలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టి బహుమానాలిచ్చి ఒక్క నెలలో 60 వేలకు పైగా ఆపరేషన్లు చేశారు. అందరూ మెచ్చుకున్నారు. ఐదేళ్లకు ఎమర్జెన్సీలో బహుమతి పోయి బలవంతం వచ్చింది, 1976–77లో 80 లక్షలకు పైగా చేశారు. 1977లో జనం వోటు వేసి ఆ ప్రభుత్వాన్ని దించారు. శిక్షకు ప్రతి నియంత్రణ పుడుతుందన్న స్కిన్నర్ మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది. కాని ఎర్నాకుళానికీ ఎమర్జెన్సీకీ మధ్య అధికారులు మారలేదు, లక్ష్యాల రిజిస్టరు మారలేదు. గింజతో పని మొదలుపెట్టినవాడి చేతికి, గింజ చాలనప్పుడు, కర్ర దొరకకుండా చూసేది ఎవరన్నది ఆయన పుస్తకంలో దొరకదు.

మైసూరు రాష్ట్రంలో చేరిన తరువాత తెలుగును ఎవరూ నిషేధించలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన పత్రికల్లో కొందరు ఆవేశంలో వేరే విధంగా రాస్తుంటారు. 1921లో లాగ ఏ సభలోనూ గోల చేయలేదు. కన్నడిగులు మా చుట్టాలు, మా ఇరుగు పొరుగు. కన్నడం వాళ్ల రాష్ట్రంలో వాళ్ల భాష, బీదర్‌లో ఆ భాష కూడా నిజాం కాలంలో మాతో పాటే వెనకబడి ఉండింది. మరి తెలుగు ఎలా పోయింది? బడిలో లేదు, కచేరీలో లేదు, బస్సు బోర్డు మీద లేదు. మాట్లాడితే కొట్టేవాడు లేడు, మాట్లాడితే పలికేవాడూ తగ్గాడు. స్కిన్నర్ 1957లో భాష మీద రాసిన ‘వెర్బల్ బిహేవియర్’లో అన్నది ఇదే. మాటను బతికించేది దానికి స్పందించే సమాజం. స్పందన ఆగితే మాట ఆగుతుంది. ఇది విలుప్తం. తిరగబడటానికి ఎదురుగా ఎవరూ ఉండరు గనుక ప్రతి నియంత్రణ పుట్టదు. మనల్ని నవ్వి కూర్చోబెట్టిన సభ మనకు ఒక మహాసభను ఇచ్చింది. మనల్ని ఏమీ అనని బడి మనకు ఏమీ ఇవ్వలేదు. ఆయన పుస్తకాలన్నిటిలో మా ఊరికి సరిగ్గా సరిపోయిన మాట ఈ ఒక్కటి.

రెండేళ్లకు, 1959లో, నోమ్ చోమ్‌స్కీ ఆ పుస్తకాన్ని చీల్చి చెండాడాడు. పిల్లవాడు తాను ఎన్నడూ వినని వాక్యాలు చెబుతాడు, ఎవరూ గింజ వేయకుండానే చెబుతాడు, భాష మీటలు నొక్కడం కాదు అన్నాడు. ఆయన చెప్పింది నిజమని మా అమ్మను చూసి ఒప్పుకున్నాను. ఆమెకు చదువు లేదు. కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ కలిపి ఆమె తిట్టే తెలుగు తిట్లు ఆమె కన్నా ముందు ఎవరూ తిట్టి ఉండరు. భాష ఎలా పుడుతుందన్న దానిలో చోమ్‌స్కీయే సరి అయినవాడు. భాష ఎలా పోతుందన్న దానిలో మాత్రం పావురం పెట్టె ఇంకా పనికొస్తుంది. పండితులు ఈ రెంటినీ ఒకే తగువుగా చూశారు. మాలాంటి సరిహద్దు ఊళ్లలో ఇవి రెండూ ఒకే ఇంట్లో, అమ్మ దగ్గరా మనవడి దగ్గరా కనబడతాయి.

1956లోనే రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కలిగించాలన్నది దాని సారం. అంతకు ముందే 1949లో విద్యా మంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని పిల్లలుంటే ఆ భాషలో చెప్పే పంతులును ఇవ్వాలి. ముందుగా దరఖాస్తులు తీసుకుని రిజిస్టరులో రాసుకునే పద్ధతి కూడా ఏర్పరచారు. బలవంతం లేదు. 2014లో సుప్రీంకోర్టు కూడా మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దకూడదనే కర్ణాటక కేసులో తీర్పు చెప్పింది. స్వేచ్ఛ పక్షాన నిలబడిన తీర్పు అని నేను అనుకుంటాను. తండ్రి అడగాలి, సర్కారు ఇవ్వాలి. గస్తీ 53 కాలంలో అడిగితే పేరు రాసుకుంటారన్న భయం ఉండేది. ఇప్పుడు భయం లేదు, అడిగితే వచ్చే లాభమూ లేదు. సెలవు రోజున పది గడపలు ఎక్కి దిగిన తరువాత రేషను కార్డులాంటిది ఏదీ చేతికి రాదు.

కొన్నేళ్ల కిందట ఆ పది మంది కోసం నేనొక కాగితం పట్టుకుని తిరిగాను. ఎవరూ కసిరి పంపలేదు. చాయ్ ఇచ్చారు. ఒకాయన మాత్రం సూటిగా అడిగాడు.

“దాంతోని ఏమొస్తది సారూ? కన్నడం రాస్తె ఈడ నౌకరి, ఇంగ్లీషు వస్తె బెంగుళూరుల నౌకరి. తెలుగు ఇంట్ల మాట్లాడుతనే ఉన్నం గద.”

ఆయన అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. స్కిన్నర్ ఉంటే ఆయన మాట సరి అనేవాడు. టేకుమాల రంగారావు గారి ఇంట్లో ఆ రాత్రి ఎవరైనా ఇదే ప్రశ్న వేశారో ఏమో, వేసినా పదకొండు మంది మిగిలారు. నా కాగితం మీద ఏడు పేర్లు పడ్డాయి. ఎనిమిదోది వేయడానికి మా మనవడు ఉన్నాడు గాని, వాడిని ఆ ఏడే ఇంగ్లీషు మీడియంలో వేశాం. ఫీజు కట్టిన రసీదు మీద సంతకం నాదే.